వెండి మంచు

యంత్రం మీంచి అప్పుడే దిగిన షీటును రెండు చేతులతో అంచులు పట్టుకుని కిటికీ వెలుతురు దగ్గరికి తెచ్చింది ఆర్టిస్టమ్మ. షీటుకి ఇరవై నాలుగు లేబుళ్ళు. ఇరవై నాలుగు చోట్లా ఒకే ఆడమనిషి నవ్వుతోంది. తలకి చుట్టుకున్న గుడ్డ, ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న గాటు, నోటికి అడ్డంగా పెట్టుకున్న చెయ్యి, ఆ చేతి పైనుంచి పొంగుతున్న కళ్ళు. ఆమె వెనక ద్రాక్ష వరసలు, నేల మీద పొడుగ్గా సాగిన నీడలు, వరసల మీద తెల్లవారుజాము మంచు. ఆ మంచు మామూలు రంగు కాదు, వెండిరేకు. వేడి అచ్చుతో కాగితం మీద అద్దిన అతి సన్నటి రేకు. సీసాని కాస్త కదిపితే మంచు కూడా కదిలినట్టుంటుంది.

"అర మిల్లీమీటరు కుడికి జరిగింది," అన్నాడు మెషీను ముందున్న ముసలాయన, భూతద్దం కంటికి ఆనించుకుని. "మంచు ఆవిడ చెవి మీదికి పాకింది. కనపడుతోందా?"

"నాకు కనపడ్డం లేదు బాబాయ్."

"నీకు కనపడదు. తాగేవాడికైతే అసలు కనపడదు. నాకు కనపడుతోందిగా, అదీ నా ఖర్మ," అంటూ పానా తీసుకుని మళ్ళీ యంత్రం కిందికి దూరాడు. అందుకే ప్రెస్సులో అందరూ ఆయన్ని మిల్లీమీటరు అంటారు. ఆయన ఎదురుగా కూడా.

ఈ లేబుల్‌ని అచ్చు వెయ్యడం నాలుగు నెలల్లో ఇది మూడోసారి. ఆర్టిస్టమ్మ పదకొండు రోజులు కూర్చుని వేసిన బొమ్మ అది. ఇన్నేళ్ళుగా ఆమె సీసాల మీద వేసిన కోటలూ కిరీటాలూ సింహాలూ ఎవరికీ గుర్తులేవు. ఈ ఒక్క నవ్వు మాత్రం జనాన్ని పట్టేసుకుంది.

పది దాటాక కంపెనీ మేనేజరు వచ్చాడు. ఆయన వచ్చి వెళ్ళిన అరగంటకి గానీ ఇంకు వాసన మళ్ళీ తన చోటికి తాను రాదు. అంత సెంటు. వెనకే ప్రెస్సు యజమాని కూడా వచ్చాడు, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుంటూ.

"సీసాలో ఉన్నది పాతదేనండీ," అన్నాడు మేనేజరు హుషారుగా. "మార్చింది చొక్కా ఒక్కటే. ఇప్పుడు షాపుల్లో ఎవడూ మా వైన్ పేరు చెప్పడం లేదు. 'నవ్వులమ్మ ఒకటివ్వు' అంటున్నారు. అందుకే బీరు డబ్బాల మీదికి కూడా ఈవిడనే ఎక్కిద్దాం. డబ్బా చుట్టూ తిరిగి రావాలి బొమ్మ. ఓ పదేళ్ళు వయసు తగ్గించండి. ఇంకోటి, ఆ చెయ్యి తీసేద్దాం. పళ్ళు కనపడాలి."

"చెయ్యి తీసేస్తే నోరెలా ఉందో తెలీదు కదండీ. ఫోటోలో లేదు."

"మీరు వేసెయ్యండి. నవ్వేగా!"

యజమాని ఆమె వైపు చూసి కళ్ళతోనే సరే అనమన్నాడు. ఆమె సరే అంది. గర్వంగా ఉందామెకి ఆ పూట. అది దాచుకోవడానికే తల వంచుకుని షీటు అంచులు సర్దింది.

మేనేజరు కారు గేటు దాటిందో లేదో, అదే గేటు దగ్గర కేకలు వినపడ్డాయి.

"లోపలికెళ్ళడానికి లేదన్నానా! సీసా పట్టుకుని పొద్దున్నే ఎక్కడికి? మందు కొట్టొచ్చావా?"

"నేను కొట్టలేదు," అంటోంది ఒక ఆడగొంతు. "నా మీద కొట్టారు."

కాపలావాడికి అర్థం కాలేదు. ఆర్టిస్టమ్మకీ అర్థం కాలేదు, కానీ వరండా చివరికి నడిచింది. గేటు అవతల నిలబడ్డ మనిషికి యాభై దగ్గర పడుతున్నాయి. చేతిలో గుడ్డ చుట్టిన సీసా. ఎండకి కమిలిన ముఖం, ఎడమ కనుబొమ్మ మధ్యలో గాటు. ఆ గాటు దగ్గర వెంట్రుకలు ఎటు తిరుగుతాయో ఆర్టిస్టమ్మకి తన అరచేతి గీతల కన్నా బాగా తెలుసు.

"లోపలికి పంపించు," అంది.

కాగితపు చుట్టల పక్కనున్న బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. వచ్చినావిడ తాగలేదు. గుడ్డ విప్పి సీసా ఒళ్ళో పెట్టుకుంది.

"దీని వెనక చిన్న అక్షరాల్లో మీ ప్రెస్సు పేరుందట. మా అమ్మాయి చదివి చెప్పింది. ఈ బొమ్మ వేసిందెవరమ్మా?"

"నేనే," అంది ఆర్టిస్టమ్మ. మెచ్చుకోడానికే వచ్చిందేమోనని చిన్న ఆశ. పెదవుల మీదికి వచ్చేసింది కూడా.

"నేనెప్పుడు నవ్వాను?"

యంత్రం చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. మిల్లీమీటరు తల బయటికి పెట్టి చూశాడు.

"ఆ పూట పక్క వరసలకి పురుగుమందు కొడుతున్నారు," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "ఆ కాయ ఇంకా పచ్చిది. మా వరస పండింది. అటు కొట్టడం, ఇటు కొయ్యడం, రెండూ ఒక్కసారే కానిచ్చేద్దామన్నాడు మేస్త్రీ. గాలి మా వైపే ఉంది. నోట్లోకి పోకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. కళ్ళు మండి చికిలించాను. సరిగ్గా అప్పుడే ఎవరో కెమెరాలతో వచ్చారు. మీకది నవ్వులా కనపడిందా?"

ఆర్టిస్టమ్మ ఆవిడ ఒళ్ళోని సీసా వైపు చూసింది.

"నా పక్కన నా తోడికోడలుండాలి. మా చిన్నది. అదేదీ?" సీసా మీద వేలు పెట్టి చూపించింది. వేలి కింద ఆకులున్నాయి. "దాని చోట ఆకులు మొలిచాయి. అది వాంతులు చేసుకుంటూ వంగిపోయిందమ్మా అక్కడే. ఐదు నెలలైంది. చూపు మసకలైపోయింది. మనిషి ఎదురుగా నిలబడినా గొంతు వింటే గానీ పోల్చుకోదు. అందరం కలిసి లేబరాఫీసులో అర్జీ ఇచ్చాం. మొన్న పిలిచారు. ఇందాక వెళ్ళాడే, ఆ మేనేజరు, ఈ సీసా తెచ్చి ఆఫీసరు బల్ల మీద పెట్టాడు. 'మా తోటలో ఫోటో చూసి వేయించిందే సార్, చూడండి మా వాళ్ళెంత సంతోషంగా ఉన్నారో' అన్నాడు. ఆఫీసరు సీసాని చూశాడు, నన్ను చూశాడు. నువ్వేగా అన్నాడు. నేనేనన్నాను. నవ్వుతున్నావుగా అన్నాడు."

సీసాని మళ్ళీ గుడ్డలో చుట్టింది, చంటిపిల్లని చుట్టినట్టు కాదు, చెత్తని చుట్టినట్టు.

"మా సందు మొదట్లో షాపు ముందు కూర్చుని తాగేవాళ్ళు, నేను పనికి పోతుంటే 'నవ్వులమ్మా, ఓసారి నవ్వు' అంటారు. పోనీలే, కుక్కలు మొరుగుతాయి. ఎల్లుండి పదింటికి మళ్ళీ పిలిచారు. ఆ ఫోటో మీ దగ్గరుంటే ఇవ్వండి. నా బొమ్మ తీసెయ్యమని కూడా అడగను. ఆ ఫోటో చాలు."

"చూస్తాను," అంది ఆర్టిస్టమ్మ. "ఉందో లేదో చూసి... చెప్తాను."

ఉందని ఆమెకి తెలుసు. ఏ ఫోల్డర్లో ఉందో కూడా తెలుసు. ఆవిడ లేచి నిలబడి ఒక్క క్షణం ఆమెని చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

భోజనాల వేళ అందరూ బయటికెళ్ళాక ఆర్టిస్టమ్మ కంప్యూటరు ముందు కూర్చుని పాత ఫైలు తెరిచింది. లేబుల్ బొమ్మ ఒకదాని మీద ఒకటి పరిచిన పొరల్లా ఉంటుంది. పై పొరలు ఒక్కొక్కటే ఆపుతూ వచ్చింది. కంపెనీ పేరు పోయింది. వెండి మంచు పోయింది. తర్వాత ఆకుల గుబురు. దానికోసం ఒక పూటంతా పట్టింది, ఈనెలు కూడా విడివిడిగా గీసింది. అది పోగానే కింద నీలంరంగు వీపు కనపడింది. బాగా వంగిన వీపు. తల తీగల కిందికి వెళ్ళిపోయింది.

'ఆ వెనక గందరగోళం తీసెయ్యండి' అన్నాడు మేనేజరు అప్పట్లో. తీసేసింది. పక్క మనిషి అలా వంగి ఉంటే ఈ మనిషి ఎందుకు నవ్వుతుందని ఆగి అనుకోలేదు.

అన్ని పొరలూ పోయి ఫోటో ఒక్కటీ మిగిలింది. అందులో మంచు తెల్లగా లేదు. కాస్త పసుపు తిరిగి ఉంది. ఒక్క వరస మీదే నడుం ఎత్తున నిలబడి ఉంది. చెయ్యి అడ్డం పెట్టుకున్న మనిషి కళ్ళ కింద తడి. ఆ తడిని ఆర్టిస్టమ్మ మెరుపు చేసింది. కనుకొలకుల దగ్గర రెండు గీతలు పైకి తిప్పింది, అంతే. రెండంటే రెండే గీతలు. అక్కడే ఏడుపు నవ్వయిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అత్తగారు పక్కింటావిడకి సీసా చూపిస్తోంది. ఖాళీ సీసాని కడిగి, తుడిచి, టీవీ పక్కన పెట్టుకుంది నాలుగు నెలలుగా. ఇంటికి ఎవరొచ్చినా ముందు దాన్ని చూపించాకే మంచినీళ్ళిస్తుంది. "మా కోడలు వేసిందే! మనింట్లో తాగేవాళ్ళెవరూ లేరనుకోండి. వైద్యుడింట్లో సీసాలుండవూ, అలాగన్నమాట."

పక్కింటావిడ వెళ్ళాక కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి జరిగిందంతా చెప్పింది. అత్తగారు వింటూ బియ్యంలో రాళ్ళేరుతోంది. ఏరడం ఆపలేదు.

"అయితే బొమ్మ బాగుందా అని అందరూ చూశారు గానీ, బొమ్మలో మనిషి బాగుందా అని ఎవరూ చూళ్ళేదన్నమాట," అంది చివరికి. "నాతో సహా."

"నాకేం తెలుసత్తయ్యా? ఫోటో ఇచ్చారు, వెయ్యమన్నారు, వేశాను."

"ముప్ఫై ఏళ్ళు బట్టలు కుట్టానమ్మాయ్. కొలత తప్పితే వేసుకున్న మనిషికి ఊపిరాడదు. తెచ్చి నా మొహాన కొట్టేవాళ్ళు. బట్ట నాది కాదు, దారం నాది కాదు, కొలత ఇచ్చినావిడే తప్పిచ్చింది అంటే ఊరుకునేవాళ్ళా? కుట్టిన చెయ్యి నాదేగా." చేట కింద పెట్టి లేచింది. టీవీ పక్కనున్న సీసా తీసి, ముఖం గోడవైపు తిప్పబోయి, అదీ నచ్చక, బీరువాలో చీరల వెనక పెట్టేసింది. "ఎదురుగా ఉంటే ఆవిడ అడుగుతున్నట్టే ఉంది," అంది.

మర్నాడు పొద్దున్నే ఆర్టిస్టమ్మ యజమాని గదిలోకి వెళ్ళింది. ఆయన ఆమెకి ఇంకు కలపడం దగ్గర్నుంచి నేర్పినవాడు. మాట తీసెయ్యడని నమ్మకం.

అంతా విన్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు.

"పాపం," అన్నాడు. "నిజంగా పాపమే. కానీ ఆ ఫోటో మనది కాదమ్మా. కంపెనీది. ఒకడి ఫైలు మన గేటు దాటిందని తెలిస్తే రేపు ఇంకొకడు లేబుల్ ఇస్తాడా? లోపల ఎంతమంది పనిచేస్తున్నారో చూశావా?"

"తోటలో కూడా చాలామందే పనిచేస్తున్నారండీ."

"తోట సంగతి చూడ్డానికి ఆఫీసరున్నాడు."

"ఆ ఆఫీసరు నా బొమ్మ చూసే కదండీ వాళ్ళ మాట నమ్మనిది!"

"నువ్వు తోటలో మందు కొట్టావా? లేదు. నేను కొట్టానా? లేదు. మనం కాగితం మీద రంగు కొడతాం. అంతవరకే మన పని." లేచి తలుపు దాకా వచ్చి, గొంతు తగ్గించాడు. "బీరు డబ్బా బొమ్మ మొదలుపెట్టు తల్లీ. శుక్రవారానికి అడిగాడు."

ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి బీరు డబ్బా కొలతలు తెరిచింది. నవ్వులమ్మ ముఖం తెచ్చి అందులో పెట్టింది. నోటి మీది చేతిని చెరపడానికి చిటికెన వేలి దగ్గర మొదలుపెట్టింది. ఒక వేలు పోయింది. రెండో వేలు సగం పోయింది. ఆ వేళ్ళ కింద ఏముంటుంది? మందు వాసన పోకుండా బిగించిన పెదవులు. వాటి చోట తను పళ్ళు పెట్టాలి. తెల్లటి, వరసైన, చిన్నవయసు పళ్ళు.

ఆమె చెయ్యి తీసేసింది, బొమ్మలోది కాదు, తన చెయ్యి. మేనేజరు మీద మంట, యజమాని మీద మంట, గుడ్డలో సీసా చుట్టుకుని అంత దూరం నడిచి వచ్చి ఒక్క మాట కూడా గట్టిగా అనకుండా వెళ్ళిన ఆ మనిషి మీద కూడా మంట. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టినవాళ్ళకి ఏదో ఒక సమాధానం చెప్పుకోవచ్చు.

ఫోటోని పెన్‌డ్రైవులో వేసుకుని మెషీను గదిలోకి వెళ్ళింది. మిల్లీమీటరు నమూనాలు తీసే చిన్న యంత్రం దగ్గరున్నాడు.

"బాబాయ్, ఇది ఒక్క కాపీ కావాలి. పెద్ద సైజులో. యజమానికి తెలీకూడదు."

ఆయన పెన్‌డ్రైవు అందుకోలేదు. ఆమె వెనక తలుపు వైపు చూశాడు.

"నాకు ఇంకో రెండేళ్ళుంది ఇక్కడ," అన్నాడు.

"తెలుసు. వద్దంటే వెళ్ళిపోతాను."

"నిన్న ఆవిడ మాట్లాడుతుంటే మెషీను ఎందుకు ఆపాననుకున్నావు? ఆ చెవి మీదికి వెండి పాకిందని పొద్దుటి నుంచీ కొట్టుకుంటున్నాను నేను. ఆవిడ చెవి అక్కడే ఉంది, నా ఎదురుగా. నాకేమో కాగితం మీది చెవి గోల." పెన్‌డ్రైవు లాక్కున్నాడు. "యంత్రానికి రోజూ ఒక ట్రయల్ షీటు తియ్యాలి. రూలు. ఏ బొమ్మ తియ్యాలో రూల్లో రాయలేదు."

ఒక్కటి చాలన్నా వినలేదు. మూడుసార్లు తీశాడు. పసుపు ఎక్కువైందని ఒకటి చించేశాడు, నీడల్లో నలుపు చచ్చిపోయిందని ఇంకోటి చించేశాడు. మూడోదాన్ని భూతద్దంతో మూల మూలా చూసి, ఆరనిచ్చి, మధ్యలో మడత పడకుండా గొట్టంలా చుట్టి ఇచ్చాడు.

లేబరాఫీసు రెండో అంతస్తులో ఒక ఇరుకు గది. ఫ్యాను తిరిగినప్పుడల్లా బల్ల మీది కాగితాలు లేవకుండా ఆఫీసరు వాటి మీద పంచింగ్ మెషీను, స్టాంపు ప్యాడు, టీ గ్లాసు, దొరికిందల్లా పెట్టాడు. గోడవారగా ఆరుగురు ఆడవాళ్ళు నిలబడ్డారు. ప్రెస్సుకి సీసా పట్టుకొచ్చిన పెద్దకోడలు ముందుంది. కుర్చీలో మేనేజరు, ఎదురుగా బల్ల మీద సీసా.

ఆర్టిస్టమ్మ లోపలికి రాగానే సెంటు వాసన పలకరించింది.

"మీరేంటి ఇక్కడ?" అన్నాడు మేనేజరు. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

ఆమె ఆయనతో మాట్లాడలేదు. గొట్టం విప్పి ఫోటోని బల్ల మీద పరిచింది. చివరలు చుట్టుకుపోతుంటే ఒక పక్క తన చేత్తో అదిమింది. రెండో పక్క అదిమి పట్టడానికి పెద్దకోడలు ముందుకొచ్చింది.

"సార్, ఆ సీసా మీది బొమ్మ వేసింది నేను. ఇదీ అసలు ఫోటో. ఇందులో మంచు లేదు. నవ్వు కూడా లేదు."

"ఈ ఫోటో మా కంపెనీ సొత్తు సార్," అన్నాడు మేనేజరు. "దొంగతనంగా తెచ్చింది."

"సొత్తు సంగతి తర్వాత చూద్దాం. ఫోటోలో ఉన్నది మీ తోటేనా, కాదా?"

"మా తోటే. అది మంచు కాకపోతే ఇంకేంటి? తెల్లవారుజామున తీసిన ఫోటో."

"ఫైల్లో మధ్యాహ్నం పన్నెండూ యాభై అని ఉంది సార్," అంది ఆమె.

"కెమెరాలో గడియారం తప్పుండొచ్చు. ఎవరైనా మార్చుకోవచ్చు." మేనేజరు సీసాని వెనక్కి తిప్పాడు. "ఇదిగో, వెనక లేబుల్ చదవండి. 'తెల్లవారుజాము మంచులో, తోటతల్లి ఒడిలో, కల్మషం లేని నవ్వు.' ఇది రాసిందెవరు? మీరే కదా?"

"నేనే."

"మరి?"

గోడవారనున్న ఆడవాళ్ళు కదిలారు. ఆఫీసరు కళ్ళజోడు మీంచి ఆమెని చూశాడు. "ఏమ్మా? అప్పుడు మంచని రాశారు. ఇప్పుడు కాదంటున్నారు. ఏ మాట నమ్మమంటారు?"

కల్మషం లేని నవ్వు! ఆ మాట కుదిరినప్పుడు తనకి తనే శభాష్ అనుకుంది. ఇప్పుడు ఆ మాట బల్ల మీద నిలబడి తననే వేలెత్తి చూపిస్తోంది. ఫోటో వైపు చూసింది. తను నవ్వుగా మార్చిన కళ్ళు, తను ఆకులతో కప్పిన వీపు, తను...

"నా మాట నమ్మక్కర్లేదు సార్," అంది. "వీళ్ళ కాళ్ళు చూడండి."

"కాళ్ళా?"

"నీడలు. ఫోటోలో నీడ మనిషి పాదాల కిందే ముద్దలా పడి ఉంది. తీగల నీడ కూడా తీగల కిందే. ఇప్పుడు సీసా చూడండి. నీడలు ఇంతింత పొడుగున పక్కకి సాగి ఉన్నాయి. పొద్దుటి ఎండలా కనపడాలని నేనే సాగదీశాను. రెండు రోజులు పట్టింది నాకు. కెమెరా గడియారం మార్చొచ్చు, సూర్యుణ్ణి ఎవరూ మార్చలేరు కదా సార్! మిట్టమధ్యాహ్నం మంచెక్కడిది? అదీ ఒక్క వరస మీదే?"

ఆఫీసరు లేచాడు. అడ్డున్న టీ గ్లాసు తీసి, సీసాని ఫోటో పక్కకి లాగి వంగి చూశాడు. ఒకసారి ఇటు, ఒకసారి అటు. గ్లాసు తీసిన చోట కాగితాలు ఎగిరి కిందపడ్డా పట్టించుకోలేదు.

"దుమ్మయ్యుంటుంది సార్," అన్నాడు మేనేజరు.

"ఇందాక మంచన్నారు."

"అంటే... మంచో, దుమ్మో..."

"మందు," అంది పెద్దకోడలు. గదిలోకి వచ్చాక ఆమె అన్న మొదటి మాట అది. "మందు సార్. మొన్న కూడా అదే చెప్పాను."

ఆఫీసరు కూర్చున్నాడు. సీసాని మేనేజరు వైపు తోసి, "ఇది తీసెయ్యండి ఇక్కణ్ణుంచి," అన్నాడు. తర్వాత కొత్త కాగితం తీసి, ఆర్టిస్టమ్మ చెప్పింది మొదట్నుంచీ మళ్ళీ చెప్పించుకుని రాసుకున్నాడు. ఫోటో ఫైల్లో పెట్టుకున్నాడు. సోమవారం తోట తనిఖీకి వస్తానని, మందు కొట్టిన రోజుల లెక్కలు, కంటి ఆసుపత్రి కాగితాలు సిద్ధంగా ఉండాలని, అప్పటిదాకా ఈ ఆరుగురిలో ఎవర్నీ పనిలోంచి తియ్యడానికి లేదని రాసి మేనేజరు చేత సంతకం పెట్టించాడు. పెద్ద తీర్పేం కాదు. కానీ మొన్న మూసేయబోయిన ఫైలు ఇవాళ మళ్ళీ తెరుచుకుంది.

మెట్లు దిగాక ఆడవాళ్ళందరూ ఒక్కసారే మాట్లాడ్డం మొదలుపెట్టారు. పెద్దకోడలు మాత్రం ఆర్టిస్టమ్మ దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఒకటడగనా? ఆ రోజు ఫోటో చూసినప్పుడు, మా చిన్నది వంగి ఉంది కదా, అది కనపడలేదా మీకు?"

అబద్ధం చెప్పడం తేలికే. పని హడావిడి, చిన్న ఫోటో, ఏదైనా అనొచ్చు.

"కనపడింది," అంది ఆర్టిస్టమ్మ. "అడగలేదు."

పెద్దకోడలు తల ఊపింది. క్షమించినట్టూ లేదు, క్షమించనట్టూ లేదు. లెక్క సరిపోయిందన్నట్టు మాత్రం ఉంది. "ఆదివారం మా ఇంటికి రండి. దానికి కూడా ఒకసారి చెప్పండి."

ప్రెస్సుకి వెళ్ళేసరికి వార్త తన కన్నా ముందే వచ్చేసింది. యజమాని గదిలో కూర్చోమనలేదు.

"కంపెనీ ఫోన్ చేసింది. మండిపడుతున్నారు. అయినా లేబుల్ ఆపరట, అంత అమ్ముడుపోతుంటే ఎందుకాపుతారు! ఆ ముఖం తీసేసి ఒక పిట్టని పెట్టమన్నారు. మంచు మాత్రం ఉండాలట. మంచుకే గిరాకీ అంటున్నారు." కాగితం మీద గీతలు గీస్తూ ఆగాడు. "నువ్వే చెయ్యాలి. అది చేస్తే ఈ గొడవ ఇక్కడితో మర్చిపోదామన్నారు. నేనే బతిమాలుకున్నాను నీ కోసం."

"ఆ మంచు ఇంకోసారి వెయ్యనండీ."

"నువ్వు వెయ్యకపోతే ఇంకొకరు వేస్తారు."

"వేసేవాళ్ళకి ఆ ఫోటో చూపిస్తాను. చూశాక వేస్తామంటే వాళ్ళిష్టం."

ఆయన చేతిలోని పెన్ను పక్కన పెట్టాడు. కోపం రావలసిన ముఖంలో అలసట కనపడింది. "ఇంటికెళ్ళు. పిలిచినప్పుడు రా," అన్నాడు. పిలుస్తాడో లేదో చెప్పలేదు. ఆమె కుంచెలు, స్కేలు, కాటన్ చేతితొడుగులు సంచిలో వేసుకుంది. మెషీను గది దాటుతుంటే మిల్లీమీటరు చెయ్యి ఎత్తలేదు, పలకరించలేదు. సంచిలో ఆమెకి తెలియకుండా భూతద్దం వేశాడని ఇంటికెళ్ళాక తెలిసింది.

ఆదివారం ఫోటో ఇంకో కాపీ తీయించుకుని వెళ్ళింది. రోడ్డు వెంట వరసగా కట్టిన ఒంటిగది ఇళ్ళు, మధ్యలో తెర కట్టుకుని రెండు గదులు చేసుకున్నారు. గుమ్మం పక్క మంచం మీద చిన్నకోడలు ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ముప్ఫై దాటి ఉండవు. చూపుతో పని లేకుండా, అంచుకి అంచు వేళ్ళతో తడిమి కలుపుతోంది.

"వచ్చారా," అంది అడుగుల చప్పుడు వైపు ముఖం తిప్పి. "మా అక్క సీసా ఎక్కింది, నేను మంచం ఎక్కాను. ఇద్దరం పైకొచ్చినట్టే!"

పెద్దకోడలు కసిరింది. ఆర్టిస్టమ్మ మంచం అంచున కూర్చుంది. చెప్పాలనుకుని వచ్చిన మాటలు ఒక్కటీ రాలేదు. "మిమ్మల్ని ఆకులతో కప్పేసింది నేనే," అని మాత్రం అంది.

చిన్నకోడలు మడత పెడుతున్న చొక్కాని కాసేపు అలాగే పట్టుకుంది.

"అక్క చెప్పింది. ఇప్పుడా ఫోటో తెచ్చారా? అందులో నేనున్నానా?"

"ఉన్నారు. మీ తల కనపడదు. వీపు కనపడుతుంది."

"నా సంగతి కాదు. నా పక్కన కింద చూడండి. బుట్టుందా?"

బుట్ట! పదకొండు రోజులు చూసిన ఫోటో. బుట్ట ఉన్నట్టు ఆమెకి గుర్తే లేదు. గుమ్మం వెలుతురులోకి ఫోటో పట్టుకుని, భూతద్దం తీసి, వంగిన వీపు పక్కనుంచి తీగ మొదలు దాకా వెతికింది. ఆకుల నీడలో, అంచు మాత్రం కనపడుతూ, ఉంది.

"ఉంది."

"ఎంతవరకుంది?" అంది చిన్నకోడలు. గొంతులో సరదా పోయింది. "మేస్త్రీ ఏమన్నాడో తెలుసా? సగం బుట్ట కూడా కొయ్యకుండా ఎండకి సాకు పెట్టి కూలబడిందన్నాడు. బద్ధకస్తురాలన్నాడు. లేబరాఫీసులో కూడా అదే రాయించారు. మందు వల్ల కాదట, నా ఒంటి బద్ధకం వల్లట! నిండిందిరా మొర్రో అంటే ఒక్కరూ నమ్మలేదు. కట్టుకున్నవాడు కూడా. సరిగ్గా చూసి చెప్పండి. ఎంతవరకుంది?"

ఆర్టిస్టమ్మ భూతద్దం ఇంకా దగ్గరికి తెచ్చింది.

"నిండిపోయింది. గుత్తులు అంచు దాటి బయటికి వేలాడుతున్నాయి. ఒకటి జారి కిందపడింది."

చిన్నకోడలు చొక్కాని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ ఆనించి, ఊపిరి వదిలింది. తర్వాత తెర వైపు తల తిప్పింది. తెర అవతల ఎవరో దగ్గి, మంచం మీద పక్కకి తిరిగిన చప్పుడైంది.

"ఇంకోసారి చెప్పండి," అంది. "కాస్త గట్టిగా. లోపల మా ఆయనున్నాడు."